గృహాలంకరణమున పూలకూజా

తెలుగువారి యింటికి పువ్వు క్రొత్త చుట్టము కాదు. తెల్లవారగనే దేవుని పటమునకొక మందారము, ఆడపిల్లల జడలలో మూరెడు మల్లెలు, పండుగనాడు గుమ్మమునకు బంతిపూల తోరణము, సంక్రాంతి గొబ్బెమ్మలపై గుమ్మడిపూలు - ఇవి మనకెవ్వరును నేర్పవలసిన పనిలేదు. తరతరముల క్రిందట మన పెద్దలు బెంగళూరులోను, హొసూరులోను, చెన్నపట్టణములోను, బరంపురములోను, షోలాపురములోను స్థిరపడి, ఇరుగుపొరుగువారి భాషలను, పంటలను, వంటలను తమవిగా జేసికొనిరి. అయినను ఈ పూలముచ్చటను మాత్రము వారు విడిచిపెట్టలేదు.

అయితే పైన చెప్పిన పూలన్నియు కాడ తీసి కట్టినవి, లేదా ఒక పూటకు సరిపోవునవి. పువ్వును కాడతో కోసి, నీటిలో నిలిపి, నాలుగు దినములపాటు గదికి శోభ గూర్చునట్లు అమర్చుట పాశ్చాత్యుల పద్ధతియనియు, అది గొప్పవారి హాళ్ళకును హోటళ్ళకును మాత్రమే తగినదనియు మనలో ననేకుల తలంపు. ఈ తలంపు సరియైనది కాదు. కృష్ణాతీరమునందలి అమరావతి స్తూపపు సున్నపురాతి పలకలపై సుమారు రెండువేల యేండ్లకు పూర్వపు శిల్పులు పూర్ణఘటమును పదేపదే చెక్కియున్నారు. నిండుకుండనుండి తామరపూలును, మొగ్గలును, ఆకులును పైకి లేచి ఇరుప్రక్కలకు వ్రాలుచుండును. ఆ శిల్పములలో ననేకము నేడు చెన్నైలోని ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియములో నున్నవి. తమిళనాట నున్న తలిదండ్రులు సెలవు దినమున పిల్లలను దోడ్కొనిపోయి చూపవచ్చును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రచిహ్నమునందును ఆ పూర్ణఘటమే కానవచ్చును. నీటిపాత్రలో పువ్వును నిలుపు సొగసు మనవారెరిగినదే యనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యవిషయమొక్కటియే. కూజాలోని పువ్వుల యందము వానికొఱకు వెచ్చించిన డబ్బుమీద నాధారపడదు. కూజాలోని నీటిమీద నాధారపడును. ఆ నీరు శుభ్రముగా నున్నచో మూడు కాడలైనను ఇంటికి కళ తెచ్చును. ఆ నీటిని మరచినచో గంపెడు గులాబీలైనను రెండవనాటికే తల వాల్చును. అంతేకాదు, పిల్లలకు జ్వరములను కూడ తెచ్చును. ఇది యెట్లో క్రమముగా చూతము.

కోసిన పువ్వు బ్రదికియే యున్నది

మొక్కనుండి వేరుచేసినంతనే పువ్వు చచ్చిపోదు. అది శ్వాసించుచునే యుండును. మొగ్గ విచ్చుకొనుచునే యుండును. ఆకులనుండియు రేకులనుండియు నీరు ఆవిరియై పోవుచునే యుండును. వేళ్ళు లేవు గనుక ఆ నష్టమును పూడ్చుకొనుటకు దానికున్న మార్గమొక్కటియే - కాడ చివర. కాడలో వెంట్రుకకంటె సన్నని నాళములు వేలకొలది గలవు. పైన ఆకులు నీటిని కోల్పోయిన కొలది ఆ నాళములగుండ క్రిందినుండి నీరు పైకి లాగబడును. ఇంగ్లండు దేశస్థుడైన స్టీఫెన్ హేల్సు కోసిన కొమ్మలను నీటిలోనుంచి అవి ఎంత నీరు త్రాగుచున్నవో కొలిచి, ఆ పరిశోధనలను 1727లో గ్రంథముగా వెలువరించెను. కాడ నీరు త్రాగుననుట మాటవరసకు చెప్పునది కాదు. కొలిచి చూడదగిన సత్యము.

దీనిని పిల్లలకు ఇంటిలోనే చూపవచ్చును. తెల్లచామంతి నొకదానిని కాడ చివర క్రొత్తగా కోసి, మిఠాయిలలో వాడు నీలిరంగును చిక్కగా కలిపిన గ్లాసెడు నీటిలో నిలుపుడు. కొన్ని గంటలలోనే రేకుల అంచులకు నీలము ఎక్కుట కనబడును; మరునాటికి పువ్వంతయు రంగు దేలును. అంగళ్ళలో అమ్మెడి నీలపు, పచ్చని నేలసంపెంగలు పలుమారు ఇట్లు రంగునీరు త్రాగించినవే. ఒకసారి ఇది చూచిన బిడ్డ మరి యెన్నడును పువ్వును నీరులేక విడువడు.

ఈ నాళములకు శత్రువులు రెండు. మొదటిది గాలి. కోసిన కాడ కొంతసేపు బయటనున్నచో నీటికి బదులుగా గాలి నాళములలోనికి చొచ్చి బుడగయై నిలిచిపోవును. పిమ్మట నీటిలో నుంచినను ఆ బుడగ అడ్డుపడి నీరు పైకి పోనీయదు. రెండవది క్రుళ్ళు. నీటిలో మునిగిన ఆకులు క్రుళ్ళి, సూక్ష్మజీవులు పెరిగి, జిగురువలె పేరుకొని నాళముల నోళ్ళను మూసివేయును. కూజా నిండుగ నీరున్నను గులాబీ మెడ వాల్చుటకు ముఖ్యమైన కారణములివియే. అది దాహముతో వాడుచున్నది కాని నీరు లేక కాదు.

కోయు వేళ, కొను వేళ

పెరటి పూలను తెల్లవారుజామున కోయుట మేలు. రాత్రియంతయు నీరు పీల్చుకొని కాడలు నిండుగ నుండును. ఎండ యెక్కిన పిమ్మట కోసిన పువ్వు అప్పటికే దప్పిగొని యుండును. కోయబోవునపుడు చేతిలో నీటిపాత్రను తీసికొనిపోయి, కోసినది కోసినట్లు దానిలో నుంచవలెను. మొద్దుబారిన కత్తెర నాళములను చిదుకగొట్టును గనుక పదునైన కత్తినే వాడవలెను.

కొనువారికి మన ప్రాంతములలో కొదువ లేదు. హొసూరు చుట్టుప్రక్కల చల్లని ఎత్తునేలలలో పాలీహౌసులయందు పెంచిన గులాబీలు ఫిబ్రవరి 14 నాటికి విదేశములకు సైతము విమానములలో పోవుచున్నవి. బెంగళూరులో కృష్ణరాజేంద్ర మార్కెట్టు, చెన్నైలో కోయంబేడు, ముంబయిలో దాదరు పూలబజారులు తెల్లవారక మునుపే కిటకిటలాడుచుండును. కొనునపుడు రేకులను గాక కాడను, ఆకులను ముందు చూడుడు. ఆకు పచ్చగ బిరుసుగ నున్నదా? కాడ చివర నల్లబడి జిగురు కట్టలేదు గదా? గులాబీయైనచో పైరేకులు అప్పుడప్పుడే విడుచున్న మొగ్గ మేలు. మిక్కిలి బిగువైన లేతమొగ్గ విచ్చకయే మెడ వాల్చవచ్చును. నేలసంపెంగ, గ్లాడియోలసు వంటి గెలపూలు క్రిందినుండి పైకి ఒక్కొక్కటిగ విచ్చుకొనును. కావున అడుగున రెండు మూడు మాత్రము విచ్చిన కాడను కొనవలెను. క్రింది పూలు వాడిన కొలది వానిని త్రుంచివేయుచు వచ్చినచో పైమొగ్గలు పలుదినములు వరుసగ విచ్చుచుండును.

ఇంటికి తెచ్చిన వెంటనే చేయవలసిన పని యొకటి గలదు. వెడల్పైన బేసినులో నీరు పోసి, కాడ చివరను ఆ నీటిలో ముంచి, నీటిలోపలనే రెండు మూడు సెంటీమీటర్లు ఏటవాలుగ కోయవలెను. దీనివలన గాలి చొచ్చిన చివరభాగము తొలగిపోవును. క్రొత్తగా తెరచిన నాళములలోనికి గాలికి బదులు నీరే ప్రవేశించును. ఏటవాలుకోత వలన కాడ కూజా అడుగున బల్లపరుపుగ ఆని మూసికొనిపోదు. మెడ వాల్చిన గులాబీకి కూడ ఇదియే చికిత్స. నీటిలో కాడ కోసి, పువ్వును నిటారుగ నుండునట్లు కాగితములో చుట్టి, లోతైన నీటిలో రెండు గంటలు చల్లనిచోట నుంచినచో చాలవరకు తల ఎత్తును.

కూజా నీటి సంరక్షణము

నీటిలో మునుగు ఆకుల నన్నిటిని తీసివేయవలెను, ఒక్కటియు మిగులరాదు. పైన నాలుగైదు ఆకులు చాలును. ఆకులెక్కువైన కొలది ఆవిరియై పోవు నీరును ఎక్కువగును. కూజాను సబ్బుతోను పీచుతోను తోమి కడిగిన పిమ్మటనే నీరు పోయవలెను. గులాబీ, నేలసంపెంగ, చామంతులకు కూజాలో మూడింట రెండుపాళ్ళు నీరుండవచ్చును. జెర్బెరా కాడలు నూగుగలిగి మెత్తనివి గనుక లోతునీటిలో త్వరగా క్రుళ్ళును. వానికి అయిదారు సెంటీమీటర్ల నీరు చాలును, కాని ప్రతిదినము చూచి పోయుచుండవలెను.

రెండు దినములకొకమారు నీరంతయు పారబోసి, కూజా లోపలి గోడలను తోమి, కాడల చివరలు మరల కొద్దిగ కోసి, క్రొత్తనీరు పోయవలెను. ఎండ మెండుగనుండు షోలాపురము వంటి చోట్ల వేసవిలో ప్రతిదినము మార్చుటయే మంచిది. పువ్వు శ్వాసించు వేగమును, సూక్ష్మజీవులు పెరుగు వేగమును వేడిమితో పాటు హెచ్చును.

నీటిలో కొందరు రాగినాణెమును, కొందరు తలనొప్పిమాత్రను వేయుదురు. ఇవేవియు శుభ్రమైన నీటికి సాటిరావు. అంగళ్ళలో దొరకు పూలపొడిలో నుండునవి మూడు: పువ్వునకు ఆహారముగ చక్కెర, నీరు సులభముగ పైకెక్కుటకు పులుపు, సూక్ష్మజీవులను చంపుటకొక మందు. ఇంటిలోనైనచో లీటరు నీటికి చిన్నచెంచాడు చక్కెర, రెండు చిన్నచెంచాల నిమ్మరసము, బట్టలు తెల్లబఱచు బ్లీచింగు ద్రవము కొద్ది చుక్కలు సరిపోవును. ఆ ద్రవమును నిండునీటిలో కలిపిన తరువాతనే నిమ్మరసము చేర్చవలెను. రెంటిని విడిగా ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. ఇక చక్కెర నొక్కదానినే వేయుట అసలు వేయకుండుటకంటె చెఱుపు. అది పువ్వుకంటె ముందు సూక్ష్మజీవులకు విందగును. ఈ శ్రమయంతయు వలదనుకొన్నవారు మంచినీటిని తరచు మార్చినచో చాలును.

నిలిచిన నీరు, దోమల పొదుగు

ఇచట తలిదండ్రులు మనస్సు నిలిపి చదువవలసిన మాట యొకటి గలదు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ మురికికాలువలను అంతగా కోరదు. ఇండ్లలోపలను, చుట్టుప్రక్కలను నిలిచియున్న తేటనీరే దానికి ప్రియము. పూలకూజా, మనీప్లాంటు సీసా, పూలకుండీ క్రింది పళ్ళెము, నీటితొట్టి - ఇవియే దాని పురిటిగదులు. ఇది పగటివేళ కుట్టును గనుక బడికి పోవు పిల్లలకును, ఇంటనుండు వృద్ధులకును భయము మెండు.

ఈ దోమ తన గ్రుడ్లను నీటిలో గాక, నీటిమట్టమునకు కొంచెము పైగా పాత్ర గోడకు అంటించును. ఆ గ్రుడ్లు నీరెండినను నెలల తరబడి చావక, మరల తడి తగిలినప్పుడు పొదుగును. గ్రుడ్డునుండి దోమయై యెగురుటకు సుమారు వారము పది దినములు పట్టును. దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. ఒకటి: వారమునకు లోపుగా నీరు మార్చినచో పురుగు దోమ కాకమునుపే పోవును. రెండు: నీరు పారబోసినంత మాత్రమున చాలదు, గోడలను తోమితీరవలెను, లేనిచో గ్రుడ్లు అంటుకొనియే యుండును. 2024లో కర్ణాటక ప్రభుత్వము డెంగ్యూను అంటువ్యాధిగా ప్రకటించి, దోమలు పెరుగునట్లు నీటిని నిలువనిచ్చు ఇండ్లవారికి జరిమానా విధించు నియమములను కూడ చేసెను. పువ్వుకొఱకు రెండు దినములకొకసారి చేయు పనియే బిడ్డల ఆరోగ్యమును గూడ కాపాడుచున్నది. ఒక్క శ్రమకు రెండు ఫలములు.

కొలతలు, అమరిక

ఇక సొగసు సంగతి. పూలను గుత్తిగా కూజాలో గ్రుచ్చివేసినంతనే అలంకారము కాదు. ఈ విషయమున జపానువారు చేసిన కృషి లోకప్రసిద్ధము. క్యోటో నగరమునందలి రొక్కకుదో యను బౌద్ధాలయపు అర్చకులు బుద్ధునికి పూలు సమర్పించుటనుండి ఈ కళను పెంపొందించిరి. ఆ సంప్రదాయమునకు చెందిన ఇకెనోబో సెంకెయి పూలమర్చుటలో నేర్పరియని 1462 నాటి యొక దినచర్యాగ్రంథము పేర్కొనుచున్నది. దేవుని పూజనుండి పుట్టి ఇంటిలోనికి వచ్చిన కళ గనుక అది మనకును దగ్గరి చుట్టమే.

1927లో సోఫూ తెషిగహర స్థాపించిన సొగెత్సు శాఖవారు ప్రారంభకులకు నేర్పు కొలత మిక్కిలి సులువైనది. వెడల్పు పళ్ళెములో మూడు ముఖ్యమైన కాడలు నిలుపవలెను. పళ్ళెపు వెడల్పును, లోతును కూడి, దానికి ఒకటిన్నర రెట్లు మొదటి కాడ పొడవు. దానిలో ముప్పాతిక రెండవ కాడ. రెండవదానిలో ముప్పాతిక మూడవ కాడ. ఉదాహరణకు 20 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతుగల పళ్ళెమున్నదనుకొందము. మొత్తము 26, దానికి ఒకటిన్నర రెట్లు 39. కావున మొదటి కాడ 39, రెండవది సుమారు 29, మూడవది సుమారు 22 సెంటీమీటర్లుండవలెను. మొదటిది దాదాపు నిటారుగను, రెండవది సగము వంగియు, మూడవది నేలవైపు బాగుగ వాలియు నుండును. ఈ మూటికి నడుమ చిన్నపూలనో ఆకులనో పొట్టిగా చేర్చుదురు. ఎనిమిదవ తరగతి చదువు బిడ్డ గణితముతో ఈ పని చేయవచ్చును.

పొడవైన కూజా యైనచో కూజా ఎత్తునకు ఒకటిన్నర రెట్లు పైకి పూలు లేచుట సొంపు. పూలను సరిసంఖ్యలో గాక మూడు, అయిదు, ఏడుగా నుంచినచో బిగువు తగ్గి సహజముగ కనబడును. పెద్దవి, ముదురురంగువి అడుగునను, చిన్నవి, లేతరంగువి, మొగ్గలు పైనను ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగ పువ్వుకును పువ్వుకును నడుమ చోటు విడువవలెను. కాడ, ఆకు, ఖాళీ - ఇవి కూడ అలంకారములోని భాగములే.

కాడలను నిలుపుటకు జపానువారు సూదులు బిగించిన బరువైన లోహపుదిమ్మను వాడుదురు. మనకు అరటిబోదె ముక్క యున్నది గదా! దానిని రెండంగుళముల మందముగ కోసి పళ్ళెములో నుంచి కాడలను గ్రుచ్చినచో కదలక నిలుచును; తనలోనే తడిని గూడ పట్టియుంచును. ఒకటి రెండు దినములలో దానిని మార్చిన చాలును. లేనిచో గులకరాళ్ళు మేలు. అంగళ్ళలో అమ్ము పచ్చని స్పాంజిదిమ్మ ప్లాస్టిక్కు జాతికి చెందినది. పొడియైనను మట్టిలో కలిసిపోవునది కాదు.

పెరటి పూలతో ఏమి చేయవలెను?

కూజాకు ఖరీదైన పాత్రయే కావలెనను నియమము లేదు. ఇత్తడి చెంబు, మట్టికూజా, తోమిన గాజుసీసా, అవ్వగారి కాలపు కంచుగిన్నె - ఇవన్నియు శోభించును. మూడు నేలసంపెంగ కాడలు, వానికి తోడు పెరటిలోని నిమ్మగడ్డియో, రెండు క్రోటను ఆకులో చాలును. చామంతి కాడతో తెచ్చి శ్రద్ధ చేసినచో వారమునకు పైగా నిలుచును గనుక చిన్న సంసారములకు అదియే లాభము.

కాడలేని పూలకు నీటిపై తేలుటయే అందము. వెడల్పైన ఇత్తడి పళ్ళెములో నీరు పోసి బంతులను, దేవగన్నేరులను, నందివర్ధనములను వలయములుగా తేల్చవచ్చును. మందారపు ఆయువు ఒక్క దినమే. నీట నుంచినను ఉంచకున్నను సాయంకాలమునకు ముడుచుకొనును. కావున దానిని ఉదయము కోసి ఆనాటికే అలంకరింపవలెను. పారిజాతములు తెల్లవారుజామున తమంతట రాలును; వానిని అరచేతి వెడల్పు గిన్నెలో నుంచి చదువుబల్లపై పెట్టినచో కొద్దిగంటలైనను గది పరిమళించును. తేలుపూల నీటికి కూడ దోమల నియమము వర్తించునని మరువరాదు.

కూజా నుంచు చోటు

గాలి వేగముగ వీచు ఫంకా క్రింద, ఎండపడు కిటికీలో, వేడిగ నుండు టెలివిజను ప్రక్కన పువ్వును పెట్టరాదు. పండ్లబుట్ట ప్రక్కన అసలే పెట్టరాదు. పండుచున్న మామిడి, అరటి మొదలగు పండ్లనుండి ఎథిలీను అను వాయువు వెలువడును. పండును పండించునట్టి ఆ వాయువే పువ్వును త్వరగా ముదిరించి రేకులు రాల్చును. కార్నేషనులకు, ఆర్కిడ్లకు ఇది మిక్కిలి హాని. పొగలో కూడ ఈ వాయువుండును గనుక ధూపమునకు కొంచెము దూరముగ నుంచుట మంచిది. భోజనపుబల్లపై ఉంచు అమరిక ఎదుటివారి ముఖమును మరుగుపరుపనంత పొట్టిగ నుండవలెను. అచ్చట ఘాటైన వాసనగల పూలు తగవు.

విషపుపూలు

చిన్నపిల్లలున్న యింటిలో కొన్ని పూలను కూజాకు వాడకుండుటయే క్షేమము. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త - ఇవి ఆకునుండి గింజవరకు విషములే. గన్నేరు కాడలు నిలిపిన నీరును విషమే యగును. పసివాడు ఆ నీరు నోట బెట్టుకొన్నను ప్రమాదము. తమిళనాటి రాష్ట్రపుష్పమైన సెంగాందళ్, మనము అగ్నిశిఖ యనునది, మంటవలె మిక్కిలి అందమైనదే. కాని దాని దుంప మొదలు అన్ని భాగములును విషపూరితములు. ఇట్టి పూలను చెట్టుననే చూపించి, పేరు చెప్పి, ముట్టరాదని నేర్పవలెను. అంగడి గులాబీలపై పురుగుమందులు చల్లియుందురు గనుక వాని రేకులను తినుబండారములలో, పానీయములలో వేయరాదు.

పిల్లలకు అప్పగింపదగిన పని

కూజా నీరు మార్చు పనిని ఇంటిలోని బిడ్డ కొకరికి అప్పగింపుడని ఈ వ్యాసపు మనవి. ఇది పదినిమిషముల పని. దానివలన చేతికి పనితనము, కంటికి పరిశీలన, మనస్సుకు బాధ్యత అలవడును. కత్తితో కోయుపని మాత్రము పెద్దలు దగ్గరనుండి చేయింపవలెను.

దీనితో మరియొక లాభము గలదు. మన పిల్లలు బడిలోను వీధిలోను రెండు మూడు భాషలు వినుచు పెరుగుచున్నారు. ఇంటిలో చూడని వస్తువునకు తెలుగుపేరు నిలువదు. కూజాలోని పువ్వును చూపుచు చెప్పినచో పేరు మనస్సుకు హత్తుకొనును. మన బంతిని కన్నడిగులు చెండుహూవు అందురు. హొసూరు ప్రాంతపు తమిళులు సెండుమల్లి యందురు. మరాఠీవారు ఝేండూ యందురు. ఒడియావారు గెండు అందురు. మన చామంతియే కన్నడమున సేవంతిగె, మరాఠీలో శేవంతీ. మన నేలసంపెంగ తమిళమున సంబంగి, కన్నడమున సుగంధరాజ, మరాఠీలో నిశిగంధ, ఒడియాలో రజనీగంధ. ఒక పువ్వును పట్టుకొని నాలుగు భాషలు నేర్చిన బిడ్డ ఇరుగుపొరుగును గౌరవించును, తన మాటను మరువడు.

ఆ బంతియు, ఆ నేలసంపెంగయు మెక్సికో దేశమునుండి సముద్రములు దాటి వచ్చినవేయని చెప్పినచో పిల్లలు ఆశ్చర్యపడుదురు. దూరదేశమున పుట్టినను ఈ మట్టిలో వేరూని, ఈ గుడులలో పూజలందుకొని, ప్రతి భాషలో నొక పేరు సంపాదించుకొన్నవి. తరతరముల క్రిందట వచ్చి ఈ ఊళ్ళను తమ ఊళ్ళుగా జేసికొన్న మన కుటుంబములకు ఈ సంగతి వేరుగ విప్పి చెప్పనక్కర లేదు.

మాయని రంగులతో ప్లాస్టిక్కుపూలు నేడు చౌకగా దొరకుచున్నవి. వానికి నీరక్కరలేదు, వాడిపోవు భయము లేదు. కాని శ్రద్ధ కోరని వస్తువు శ్రద్ధను నేర్పజాలదు. నిజమైన పువ్వు ప్రతిదినము మారును. మొగ్గ విచ్చును, రేకు రాలును, కాడ నీరడుగును. వాడిన పిమ్మట తులసికుండీలో ఎరువగును. మూడు కాడలు, ఒక చెంబు, రెండు దినములకొకమారు మంచినీరు - ఇంతమాత్రముతో పూరిపాక యైనను, మేడగది యైనను శోభిల్లును. వచ్చు ఆదివారము తెల్లవారగనే మీ బిడ్డచేత ఈ పని మొదలుపెట్టింపుడు.